పాలు మాన్పించిన వేసవి

ఆ ఏడాది చిక్కడపల్లిలో కోస్తా నుంచి వచ్చిన ఆడది ఎవరైనా కళ్ళొత్తుకుంటే కారణం వెతకాల్సిన పని ఉండేది కాదు. గలాటా. ప్రత్యేక తెలంగాణ కోసం ఉద్యమం లేచిన అరవై తొమ్మిదో సంవత్సరం వేసవి అది. కాలేజీలు మూతపడ్డాయి. బస్సులు ఒకరోజు తిరిగితే రెండురోజులు తిరగవు. గోడల నిండా తారుతో రాసిన నినాదాలు. గుంటూరు వాళ్ళూ కృష్ణా వాళ్ళూ ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఊళ్ళకు పంపేసి హోటలు భోజనాలు చేస్తున్నారు. అటువంటి రోజుల్లో శ్రీరామమూర్తి భార్య కుసుమ బియ్యం కడుగుతూ ఏడ్చింది, కూర తరుగుతూ ఏడ్చింది, ఏమీ చెయ్యకుండా గోడకు ఆనుకుని కూర్చుని కూడా ఏడ్చింది. ఇంకేముంది, భయం అన్నారు. ఇంట్లో వాళ్ళూ అన్నారు, వీధిలో వాళ్ళూ అన్నారు. ఎందుకేడుస్తున్నావని అడిగిన వాళ్ళు మాత్రం లేరు.

కుసుమ మొదటి నుంచీ ఏడుపుగొట్టు మనిషి కాదు. ఆ సంగతి చెప్పకపోతే అన్యాయం. రేపల్లె దగ్గర పల్లెలో పుట్టి, స్కూల్ ఫైనలు దాకా చదివి, నీటిపారుదల శాఖలో గుమస్తాకు భార్యగా హైదరాబాదు వచ్చింది. వచ్చిన ఆర్నెల్లకే చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలమ్మే వాళ్ళందరికీ ఆమె గొంతు గుర్తు. ఆమె వస్తోందంటే ముదురు బెండకాయలు కిందకి తోసి లేతవి పైకి పెట్టేవారు. అశోక్ నగర్ వైపు గ్రంథాలయానికి పోయి నవలలు తెచ్చుకునేది. మధ్యాహ్నాలు ఇంటిగలామె దమయంతికి వాటిలో కథలు వినిపించేది, అవి నచ్చకపోతే తనే మార్చి చెప్పేది. నవ్వితే వీధి గుమ్మం దాకా వినబడుతుందని మొగుడు విసుక్కునేవాడు. ఆ నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఆయన గమనించలేదు. గోడ గడియారం ఆగితే గమనించేవాడే.

వాళ్ళుండేది కిషన్ రావు ఇంట్లో. మూడు తరాలుగా ఆ గల్లీలోనే పాతుకుపోయిన కుటుంబం. నారాయణగూడలో కాగితాల దుకాణం. వాకిట్లో ఎత్తైన రాతి తొట్టి, దాన్ని అక్కడ హౌజు అంటారు. పొద్దున నల్లా నీళ్ళు వచ్చినప్పుడు నింపుకుని రోజంతా వాడుకుంటారు. ముందు భాగంలో కిషన్ రావు, దమయంతి, కాలేజీలో చదివే కొడుకు ప్రహ్లాద్. వెనక రెండు గదుల్లో శ్రీరామమూర్తి సంసారం. పేరుకు ఇల్లుగలవాళ్ళూ కిరాయికున్నవాళ్ళూ గానీ, ఒక ఇంటి పచ్చడి రెండో ఇంటికి చేరని రోజు ఉండేది కాదు. ఆ వేసవి దాకా.

అసలు సంగతి ఉగాది తర్వాత మొదలైంది. కూతురు సుబ్బులుకు రెండేళ్ళు నిండి కూడా తల్లిపాలు వదలలేదు. మాటలొచ్చాయి, పళ్ళొచ్చాయి, పెరుగన్నం తినడం వచ్చింది. అయినా కుసుమ కూర్చుంటే చాలు, వచ్చి కొంగు లాగేది. ఊరి నుంచి వచ్చిన అత్తగారు ఆదిలక్ష్మమ్మ చూసి, "ఇంకా ఏమిటమ్మా ఇది, నువ్వు చూస్తే చీపురుపుల్లలా ఉన్నావు, మాన్పించెయ్" అంది. ఆమె చెడ్డ మనిషి కాదు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం, అంతే. పైగా కుసుమకూ అలిసిపోయినట్టుగానే ఉంది. మాన్పించాలని తనకూ ఉంది. అందుకే తర్వాత ఎవరి మీదా నెపం వెయ్యడానికి లేకపోయింది.

మంచిరోజు చూసుకుని కుసుమే వేపాకు నూరింది. తనే రాసుకుంది. సుబ్బులు అలవాటుగా వచ్చి ఒళ్ళో వాలి, నోరు పెట్టి, ఒక్కసారి వెనక్కి జరిగింది. ఏడ్చి ఉంటే బాగుండేది. ఏడవలేదు. తల్లి ముఖంలోకి చూసింది, అది తల్లేనా అన్నట్టు. తర్వాత ఒళ్ళోంచి దిగి, నడుచుకుంటూ నాయనమ్మ దగ్గరికి పోయి, "అమ్మ చేదు" అని చెప్పింది.

ఇంట్లో అందరూ నవ్వారు. కుసుమ కూడా నవ్వింది. ఆ మాట ముద్దుగా ఉందని వచ్చిన వాళ్ళ ముందల్లా పిల్లచేత చెప్పించారు. అమ్మ ఎలా ఉంటుందే సుబ్బులూ అని అడిగితే, చేదు అనేది. చేతులు చాపితే వెనక్కి నడిచేది. అన్నం నాయనమ్మే పెట్టాలి, నీళ్ళు నాయనమ్మే పొయ్యాలి, పడుకోవడం కూడా నాయనమ్మ పక్కనే. ఇంత తేలిగ్గా మానేసిన పిల్లను తానెక్కడా చూడలేదని ఆదిలక్ష్మమ్మ సంతోషపడింది.

పిల్ల మానేసింది గానీ పాలు మానలేదు. రొమ్ములు రాళ్ళయి, ఒళ్ళు కాగిపోయింది. దానికీ మందు ఆదిలక్ష్మమ్మ దగ్గరుంది. మల్లెపూలు దండిగా పెట్టి గుడ్డతో బిగించి కడితే పాలు ఇంకిపోతాయి. మల్లెల కాలమే గనుక శ్రీరామమూర్తి సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ బజార్లో ఆకుపొట్లాలు కట్టించుకుని వచ్చేవాడు. రోజూ ఇన్నేసి పూలు మోసుకొస్తున్న గుమస్తాను చూసి గల్లీలో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. పాపం ఆయన సిగ్గుతో తలొంచుకుని సందు దాటేవాడు. ఆ పూలు పెళ్ళాం తలలోకి కాదని ఎవరికి చెప్పుకుంటాడు. కుసుమ గుండెల మీద అవి రాత్రికి రాత్రే వాడి, పులిసి, నల్లబడేవి. పొద్దున గుడ్డ విప్పుతూ ఆ వాసనకు ముఖం పక్కకు తిప్పుకునేది. కొన్నాళ్ళకు పాలు ఇంకిపోయాయి.

పాలతోపాటు ఇంకేదో కూడా ఇంకిపోయింది. అదేమిటో కుసుమకు తెలియలేదు. పొద్దున కళ్ళు తెరవగానే, ఇంకా ఏమీ గుర్తుకు రాకముందే, గుండెలో బరువు వచ్చి కూర్చునేది. తల దువ్వుకోవడం పెద్ద పనిలా కనబడింది. పొయ్యి మీద పప్పు మాడి పొగ వస్తుంటే చూస్తూ కూర్చుంది గానీ లేచి దించలేదు. గ్రంథాలయం నవల సగంలో ఆగి అలమరలో పడి ఉంది. వాకిట్లో పిల్ల నవ్వు వినబడితే, నేను లేకపోయినా దానికి బాగానే ఉందే అనిపించేది. మొదట్లో ఆ మాట నొప్పిగా ఉండేది. తర్వాత్తర్వాత హాయిగా ఉండడం మొదలుపెట్టింది. ఆ హాయి చూసుకుని కుసుమకు భయం వేసింది.

ఎవరితో చెప్పాలి? నా కూతురికి పాలు మాన్పించాను, అందుకని ఏడుస్తున్నాను అంటే విన్నవాళ్ళు నవ్వరా? లోకంలో ప్రతి తల్లీ మాన్పించేదే. కన్నందుకు ఏడ్చినవాళ్ళున్నారు, పోగొట్టుకున్నందుకు ఏడ్చినవాళ్ళున్నారు. పిల్ల నిక్షేపంలా ఎదురుగా ఆడుకుంటుంటే ఏడ్చేదాన్ని ఏమంటారు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నోరు మూసుకుంది.

అలాంటి ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ నడుం వాల్చారు. సుబ్బులు మాత్రం నిద్రపోకుండా వాకిట్లోకి వస్తే, కుసుమ దాన్ని ఎత్తుకుని హౌజు గట్టు మీద కూర్చుంది. ఎండలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. పిల్ల చెయ్యి చాచి నీళ్ళను తడుతూ ఉంది, ఒక్కో తట్టుకూ ఇంకాస్త ముందుకు వంగుతోంది. కుసుమ చూస్తోంది. ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. ఆదిలక్ష్మమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో, పిల్లను చటుక్కున చేతుల్లోంచి తీసుకుంది. కోడలి ముఖం వైపు మాత్రం అలా చూసి, పిల్లను గుండెకు హత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు కాఫీ దగ్గర ఆమె కొడుకుతో, "ఈ గలాటాలో పసిపిల్ల ఇక్కడెందుకురా. నాతో తీసుకుపోతాను. అన్నీ సద్దుమణిగాక చూసుకుందాం" అంది.

"మరి కుసుమ?"

"నీకు వండిపెట్టేవాళ్ళు ఉండద్దూ? దాన్ని ఉండనీ."

శ్రీరామమూర్తికి ఈ ఏర్పాటు నచ్చింది. అప్పటికే ఆయన భార్యను నారాయణగూడలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి వచ్చాడు. డాక్టరు నాలుక చూసి, నాడి చూసి, మీది ఏ ఊరని అడిగాడు. రేపల్లె అనగానే తల పంకించి, ఊళ్ళో పరిస్థితులు ఇలా ఉన్నప్పుడు ఆడవాళ్ళకు ఇది మామూలే, నరాల బలహీనత అని చెప్పి ఎర్రటి టానిక్కు రాసిచ్చాడు. అన్ని తాళాలకీ అదే చెవి. కుసుమ నోరు తెరిచే అవసరమే రాలేదు.

పిల్లను పంపే మాట విని ఆమె తలూపింది. పిల్లకు అదే మంచిదేమో అనుకుంది. అది తన దగ్గరికి రానే రాదు, ఇక ఎక్కడుంటే ఏమిటి. కానీ ఆ రోజు నుంచి తిన్నది గొంతు దిగడం మానేసింది. ఈ పిల్ల రైలెక్కితే తాను ఇక ఆ గోడ పక్కనుంచి లేవదని ఆమెకు తెలుసు. తెలిసీ తలూపింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంటివాళ్ళతో పేచీ వచ్చిపడింది. ఒక సాయంత్రం కిషన్ రావు దుకాణం నుంచి వస్తూనే శ్రీరామమూర్తిని వాకిట్లో నిలబెట్టాడు.

"మూర్తి గారూ, ఇన్నేండ్ల సంది ఉంటున్నరు. మా ఇంట్ల మీకెవరన్న ఆపతి చేసిన్రా?"

"అయ్యో, అదేం మాటండీ."

"మరి ఆమె దినాం గట్ల ఏడుస్తుంటే గల్లీల నా ఇజ్జత్ ఏమైతది? కిషన్ రావు ఆంధ్రోళ్ళను సతాయిస్తుండని అంటున్నరు. దుకాణం కాడ కూడ అడుగుతున్నరు. ఇప్పుడు పిల్లను కూడ ఊరికి పంపుతున్నరట. మా ఇంట్ల పిల్లకేం డర్ అండీ? అది మా చేతులల్ల పెరిగింది."

"మిమ్మల్ని అనుకోవడమేం లేదండీ. అది స్వతహాగా పిరికిది, ఊరికే బెదిరిపోతుంది" అన్నాడు శ్రీరామమూర్తి. తలుపు వెనక కుసుమ ఆ మాట విన్నది. మార్కెట్టును గడగడలాడించిన మనిషి పిరికిదయిపోయింది.

ఆ రోజు నుంచి దమయంతి వెనక గదుల వైపు రావడం మానేసింది. కోపం భర్తది గానీ దానికి కట్టుబడింది ఆమె. హౌజు దగ్గర ఎదురైతే బిందె ముంచుకుని తల తిప్పుకుపోయేది. ఒక్కసారి మాత్రం ఆగి, "ఏంది కుసుమా, గిట్లయినవ్? మా మీద గంత పరేషాన్ ఎందుకు నీకు?" అని అంది. కుసుమ పెదవులు కదిలాయి. మాట రాకముందే కళ్ళు నిండాయి. దమయంతి అదే తనకు జవాబనుకుని వెళ్ళిపోయింది.

చివరికి ప్రహ్లాదే వచ్చాడు. గడ్డం పెరిగి, ఎండల్లో ఊరేగింపులు తిరిగి తిరిగి నల్లబడి ఉన్నాడు. సుబ్బులును భుజాల మీద ఎక్కించుకుని గల్లీ అంతా తిప్పినవాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అక్కా, ఒక మాట అడుగుత. నేను మిమ్మల్ని ఎప్పుడన్న ఏమన్న అన్ననా?"

"లేదు ప్రహ్లాద్."

"మరి మా బాపు నా మీద ఎగురుతుండు. నువ్వు జెండా పట్టుకొని తిరుగుతవు, ఆమె నిన్ను చూసి ఏడుస్తుంది అంటుండు. మా లడాయి సర్కారు తోని. ఇంట్ల ఉన్న అక్కతోని కాదు. నా వల్లనే అయితే చెప్పున్రి, నేను దోస్తుల రూములకు పోయి ఉంట."

"నీ వల్ల కాదు."

"మరి ఎవరి వల్ల?"

పాలు అనే మాట పరాయి మగపిల్లవాడి ముందు కుసుమ ఎలా అంటుంది? అతను ముఖం గంటు పెట్టుకుని పోయాడు. తాను నోరు విప్పకపోవడం వల్ల ఒక తండ్రీ కొడుకూ తగవుపడుతున్నారని ఆమెకు అర్థమయింది. అర్థమయి, ఇంకొంచెం ఏడ్చింది. ఇంకేం చెయ్యగలదు?

ప్రయాణం రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం బండి నాంపల్లిలో ఎక్కాలి. ముందురోజు బందు, మర్నాడు మళ్ళీ బందంటున్నారు. మధ్యలో దొరికిన రోజు ఇదొక్కటే. బస్సులు నమ్ముకోవడానికి లేదని శ్రీరామమూర్తి రిక్షా మాట్లాడాడు. ట్రంకుపెట్టె సైకిలు వెనక కట్టుకున్నాడు. ఎంత కోపమున్నా కిషన్ రావు కొడుకును పిలిచి, "ముంగట నడువు. నారాయణగూడ దాటే దాక వాళ్ళ మీద ఈగ వాలొద్దు. మన ఇంట్లకెళ్ళి పోతున్నోళ్ళు" అన్నాడు. ఇజ్జత్ ఇజ్జతే.

ఆదిలక్ష్మమ్మ పిల్లను ఒళ్ళో పెట్టుకుని రిక్షా ఎక్కింది. కుసుమ గుమ్మం దగ్గరే ఉండిపోవాలని ఒప్పందం. రిక్షావాడు పెడలు మీద కాలు వేసేసరికి ఆమె చెప్పుల్లేకుండా గబగబా వచ్చి అత్తగారి పక్కన ఎక్కి కూర్చుంది.

"స్టేషను దాకా వస్తాను" అంది. ఎవరూ వద్దనలేదు. దింపడానికి టైము లేదు.

నారాయణగూడ దగ్గర పడుతుంటే దుకాణాల తలుపులు ధడధడా మూసుకుంటున్నాయి. ముందు ఎక్కడో నినాదాలు. రోడ్డు మీద రాళ్ళు, కాలుతున్న టైరు, లాఠీలు పట్టుకున్న పోలీసులు. ప్రహ్లాద్ చెయ్యెత్తి రిక్షాను ఆపేలోపే టపటపామని చప్పుళ్ళు వినబడ్డాయి. బాష్పవాయువు పొగ తెల్లగా రోడ్డంతా పాకింది. "పక్క గల్లీల తిప్పు, జల్ది" అని అతను రిక్షా హ్యాండిలు పట్టుకుని లాగాడు. అందరూ ఒక సందులో దూరి, మూసి ఉన్న ఇంటి అరుగు దగ్గర ఆగారు. కళ్ళు మంటలు, గొంతు మంటలు. సుబ్బులు గుక్కపట్టి ఏడుస్తోంది.

కుసుమ చేతులు చాపింది. పిల్ల ఆ చేతుల్ని చూసి నాయనమ్మ మెడను ఇంకా గట్టిగా వాటేసుకుంది.

సందులో నల్లా ఉంటే ప్రహ్లాద్ రుమాలు తడిపి తెచ్చి పిల్ల కళ్ళు తుడిచాడు. పోయి చూసివచ్చి, "హిమాయత్ నగర్ దిక్కు ఖాళీగనే ఉంది. ఇట్ల లోపల లోపల పోతే బండి దొరుకుతది. నేనొస్త" అన్నాడు.

"పోనీ, పద పద" అన్నాడు శ్రీరామమూర్తి సైకిలు తిప్పుతూ.

"పిల్ల వెళ్ళదు" అంది కుసుమ.

ఆ మాట ఆమె గొంతులోంచే వచ్చిందా అని ఆయన వెనక్కి చూశాడు. నెల రోజులుగా ఆ గొంతులోంచి కాదన్న ముక్క వినలేదు మరి.

"ఇప్పుడేగా చూశావు. దీనికే కదా ఇన్నాళ్ళూ బెదిరి చస్తున్నావు. ఇంకా పిల్లను ఇక్కడే ఉంచుతానంటావేమిటి?"

"నాకు గలాటా అంటే భయం లేదండీ. ఎప్పుడూ లేదు. పిల్లకు పాలు మాన్పించినప్పటి నుంచి నాకు బాగాలేదు."

శ్రీరామమూర్తి ముఖం కందిపోయింది. ప్రహ్లాద్ వైపు చూశాడు, రిక్షావాడి వైపు చూశాడు. "ఏమిటా మాటలు నడివీధిలో. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంట్లో ఎవరూ అడగలేదు" అంది కుసుమ. రిక్షా దిగి అరుగుకు ఆనుకుని నిలబడింది. "పొద్దున లేస్తూనే నేనెవరికీ అక్కర్లేదనిపిస్తుంది. పిల్లకు అసలే అక్కర్లేదనిపిస్తుంది. అది నిజమే కావచ్చు. ఇప్పుడు కూడా నా దగ్గరికి రాలేదు, చూశారుగా. రాకపోయినా సరే, నన్ను చేదన్నా సరే, అది నా కళ్ళెదురుగా ఉండాలి. దాన్ని పంపిస్తే నేను బతకను. బెదిరించడానికి అనడం లేదు. ఉన్నమాట చెబుతున్నాను." తర్వాత ప్రహ్లాద్ వైపు తిరిగింది. "ఆ రోజు అడిగావు గదా నాయనా, ఎవరి వల్ల అని. ఇదీ సంగతి. మీ ఇంట్లో ఎవరి వల్లా కాదు. మీ నాన్నగారితో చెప్పు. దమయంతక్కతో కూడా చెప్పు."

ప్రహ్లాద్ నేల చూపులు చూస్తూ తలూపాడు. శ్రీరామమూర్తికి కోపం తెచ్చుకోవాలో కంగారుపడాలో తెలియలేదు. తల్లి వైపు చూశాడు, కోడల్ని నాలుగు చీవాట్లు పెడుతుందని.

ఆదిలక్ష్మమ్మ పిల్ల వీపు నిమురుతూ కూర్చుంది. "గలాటా కాదని నాకు తెలుసు" అంది.

"ఏమిటీ?"

"మీరందరూ అదే అంటుంటే నేనూ అన్నాను. నాకు మాత్రం తెలుసు. హౌజు గట్టు మీద అది కూర్చున్న తీరు చూశాను. నేనూ అలా కూర్చున్నదాన్నే." ఆమె కొడుకును చూడలేదు, కోడలినే చూస్తూ చెప్పింది. "నాకూ పాలు మాన్పించినప్పుడే వచ్చింది. పెద్దవాడి పాలు. ఏమిటో తెలియదు, తిండి లేదు, నిద్ర లేదు, ఏడుపు. దయ్యం పట్టిందని రక్షరేకు కట్టారు. ఒకనాడు పొద్దున్నే పిల్లాణ్ణి చంకనేసుకుని కాలవ రేవులోకి దిగాను. మోకాళ్ళ దాకా వచ్చాయి నీళ్ళు. ఇంకా దిగుతున్నాను. అవతలి గట్టున ఎవరో బిందె ముంచుతూ, ఏం లక్ష్మమ్మా, ఇంత పొద్దున్నే స్నానమా అంది. ఆమెకు జవాబు చెప్పాలి కదా అని ఆగాను. అంతే, ఇంకేమీ కాదు. పలకరించిందని ఆగాను."

సందు చివర ఇంకా పొగ పలచగా తేలుతోంది.

"పెద్దవాడంటే నేనే కదమ్మా" అన్నాడు శ్రీరామమూర్తి.

"నువ్వే."

ఆయన చేతిలో సైకిలు ఒరిగి ట్రంకుపెట్టె అరుగుకు కొట్టుకుంది. ఆయన దాన్ని నిలబెట్టుకోలేదు. ప్రహ్లాద్ వచ్చి పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళూ మీ నాన్నకు కూడా చెప్పలేదు. చెబితే నన్నేమంటారు? నిన్న గాక మొన్న దీన్ని హౌజు దగ్గర చూసేసరికి నా గుండె జారిపోయింది. పిల్లను దూరంగా పట్టుకుపోతే చాలనుకున్నాను. పిల్ల దక్కితే చాలనుకున్నాను." ఆదిలక్ష్మమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "నా మనవరాలు కనబడింది గానీ కోడలు కనబడలేదు నాకు. దాన్ని ఆ నీళ్ళ దగ్గర ఒంటరిగా వదిలిపెట్టి రైలెక్కబోయాను. నా అంత తెలిసిన ముండ ఇంకొకతె లేదు, నేనే ఈ పని చెయ్యబోయాను."

కుసుమ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. సుబ్బులు ఆ చేతిని చూసింది. దగ్గరికి రాలేదు. దూరంగా కూడా జరగలేదు.

"ఏందన్నా, టేషన్‌కా, ఇంటికా? కిరాయి తరువాత మాట్లాడుకుందం, ఈడ నిలబడేటట్టు లేదు" అన్నాడు రిక్షావాడు.

"ఇంటికి నాయనా" అంది ఆదిలక్ష్మమ్మ. "నేనూ వెళ్ళడం లేదు. ఎక్కు కుసుమా. ఆ రోజు హౌజు దగ్గర నీ మనసులో ఏముందో చెప్పు. ఎంత పాపిష్టి మాటైనా సరే చెప్పు. నాకు చెప్పలేని మాట నీ దగ్గర ఏదీ ఉండదు."

"అమ్మా, ఇప్పుడెందుకవన్నీ" అన్నాడు శ్రీరామమూర్తి.

"నువ్వు ఊరుకో మూర్తీ."

రిక్షా చిక్కడపల్లి వైపు తిరిగింది. ఇల్లు చేరేదాకా ఆగుదామని కుసుమ అనుకోలేదు. ఆగితే మళ్ళీ మాట లోపలికి పోతుందని భయం. ముందు తడబడి, తర్వాత కూడదీసుకుని, ఒక్కొక్కటే చెప్పసాగింది. ఆదిలక్ష్మమ్మ ఊఁ కొడుతూ వింటోంది. శ్రీరామమూర్తి ప్రహ్లాద్ చేతిలోంచి సైకిలు తీసుకున్నాడు గానీ ఎక్కలేదు. రిక్షా పక్కనే పరుగులాంటి నడకతో, మధ్యలో ఒక్క మాట కూడా అనకుండా, భార్య చెప్పేది వింటూ వచ్చాడు.